మొమ్మె కోసం ఆగ్నెత వేసిన దారి

ఆగ్నెత యూల్ నలభై ఏళ్లు హోయర్ ఊరి చుట్టుపక్కల ఇళ్లకి సైకిలు మీద ఉత్తరాలు బట్వాడా చేసింది. జర్మనీ సరిహద్దుకి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న మా వైపు ఇళ్లు ఒకచోట గుంపుగా ఉండవు. వరద నీళ్లు అందకుండా పూర్వం వాళ్లు మట్టి దిబ్బలు పోసి, వాటి మీద కట్టుకున్నవి. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య కిలోమీటరైనా ఉంటుంది. ఆ మధ్యలో కాలువలు, గొర్రెల గేట్లు, గొలుసు తెంచుకునే కుక్కలు, అన్నిటినీ మించి పడమటి గాలి. రానురాను ఉత్తరాలు తగ్గిపోయి, ఆమె రూటును ఒక కారుకి అప్పగించిన నాటికి ఆమెకు అరవై ఒకటి. వీడ్కోలుకి ఇచ్చిన పూలగుత్తిని క్యారియరుకి కట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్న ఆరింటికి అలవాటు కొద్దీ సైకిలెక్కి, ఉత్త చేతులతో పాత రూటంతా తిరిగింది. ఒక ముసలి రైతు గేటు దగ్గర నిలబడి, "నాకేం లేవా?" అని అడిగితే, "ఏం లేవు. ఊరికే వచ్చాను" అందట.

"సరే, కాఫీ తాగి పో మరి" అన్నాడట అతను.

ఈ సంగతి ఆమే నాకు చెప్పింది. నా పేరు ఆస్మూస్. అదే ఊళ్లో నాకు రొట్టెల దుకాణం ఉండేది. తెల్లవారకముందే లేచేవాళ్లం ఊరికి మేమిద్దరమే కనక ఒకరినొకరం బాగా ఎరుగుదుం.

ఊరికే తిరగడం ఆమెకి పట్టుమని వారం కూడా సాగలేదు. ఎక్కడికో ఒక చోటికి, ఎవరికోసమో ఒకరికోసం వెళ్తే తప్ప ఆమె కాళ్లకి తొక్కబుద్ధి పుట్టదు. ఆ వేసవిలోనే దుకాణం అద్దం మీద ఒక కాగితం అంటించి పోయింది. "బుధవారం. పొద్దున్న తొమ్మిది. సైకిలు, భోజనం తెచ్చుకోండి. సాయంత్రానికి ఇంటికి చేరుస్తాను."

మొదటి బుధవారం ఐదుగురు వచ్చారు. ఆమె యాభై ఎనిమిది కిలోమీటర్ల దారి వేసింది. పొద్దున్న వీపు మీద గాలి పెట్టుకుని హుషారుగా పోయాం, మధ్యాహ్నం అదే గాలి మొహం మీదికి తిరిగింది. బట్టలు కుట్టే హన్సీనె అనే ఆవిడ నలభై ఒకటో కిలోమీటరు దగ్గర సైకిలు గడ్డిలో పడేసి, కరకట్ట మీద కూర్చుని ఏడ్చింది. గొర్రెలు చుట్టూ చేరి చూస్తున్నాయి. చివరికి నా దుకాణం వ్యాను తెప్పించి ఆవిణ్ణి ఇంటికి పంపించాం.

ఇంకొకరైతే నొచ్చుకుని ఆ కాగితం చింపేసేవారు. ఆగ్నెత మర్నాడు పెన్సిలు పట్టుకుని హన్సీనె ఇంటికి వెళ్లింది. నేనూ రొట్టె ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను.

"నొప్పి ఎక్కడ మొదలైంది?"

"తుమ్ము దగ్గర్నుంచీ ఉంది."

"తుమ్మేంటి?"

"పసుపు పూల చేను దగ్గర తుమ్మాను. అక్కణ్ణించే తొడలు పట్టేశాయి."

"అది ఇరవై మూడో కిలోమీటరు. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ముందు పోతుంటే వెనకనించి ఏమని అరవను? అరిస్తే మాత్రం? ఆ గాలి నా మాట నా నోట్లోనే కుక్కేసింది."

ఆగ్నెత పెన్సిలుతో ఇరవై మూడు అని రాసుకుంది. తర్వాత, "వచ్చే వారం నువ్వు ముందుంటావు" అంది.

అప్పట్నించీ హన్సీనె ముందు, మిగతావాళ్లం ఆవిడ వెనక. అందరికంటే నెమ్మదిగా పోయే మనిషి ఎంత దూరం పోగలదో అంతే దారి. ఆగ్నెత ఒక్కో దారికీ ఒక్కో అట్టముక్క మీద బొమ్మ గీసేది. ఏ గేటు ఎటు తెరుచుకుంటుంది, ఎక్కడ గొర్రెల పెంటికల మీద చక్రం జారుతుంది, ఏ బల్లకి గాలి మరుగుంది, మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉంది, అన్నీ ఆ అట్ట మీద ఉండేవి. ఎవరినీ తీసుకెళ్లకముందే తను ఒక్కతే ఆ దారిని మూడు సార్లు తొక్కి వచ్చేది. బుధవారం పొద్దున్న ఐదింటికి లేచి గాలిమరల తలలు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకుని, ఆ దారిని ఈ కొసనుంచి మొదలుపెట్టాలో ఆ కొసనుంచో అప్పుడు తేల్చేది. పొద్దున్న ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు ఎదురుగాలి, మధ్యాహ్నం అలిసినప్పుడు వీపు గాలి. ఏప్రిల్లో పొలాలకి పేడనీళ్లు కొట్టే రోజుల్లో రైతులకి ఫోన్లు చేసేది.

"పీటర్, బుధవారం పన్నెండింటికి నీ చేను పక్కన మావాళ్లు భోంచేస్తారు. నీ ట్యాంకరు గురువారం తియ్యి."

రైతులు మారుమాట్లాడకుండా గురువారానికి మార్చుకునేవారు. పెళ్లి శుభలేఖల దగ్గర్నుంచి కోర్టు నోటీసుల దాకా నలభై ఏళ్లు ఆ ఇళ్లకి మోసిన మనిషి ఆమె. ఎవరింట్లో ఏం చదివారో ఒక్కసారి కూడా ఇంకో ఇంట్లో అనలేదు.

కొన్నాళ్లకి బుధవారాలకి ఇరవై మంది దాకా వచ్చేవారు. సగం మంది సరిహద్దుకి దక్షిణాన ఉన్న జర్మన్లే. వాళ్ల పల్లె మాటా మా పల్లె మాటా కలిపి మాట్లాడుకుంటే ఎవరికీ ఏదీ అర్థం కాకుండా పోదు. కలిసినా విడిపోయినా రెండు వైపులా "మొయిన్" అనే అంటాం. అలా వచ్చినవాళ్లలో ఫ్రావ్‌కె ఒకతె. యాభై దాటిన మనిషి, నీబ్యూల్‌లో ఒక బడి వంటింట్లో పని. గలగలా మాట్లాడేది. ఒక మార్చి నెలలో మాత్రం భోజనం బల్ల దగ్గర రొట్టె విప్పి, తినకుండా చూస్తూ కూర్చుంది.

"ఏమైంది?" అంది ఆగ్నెత.

"మా నాన్న. రెండేళ్లయింది కళ్లు పోయి. మధ్యలో ఉన్నదేదీ కనపడదు, అంచుల్లో కాస్త వెలుతురు, అంతే. డెబ్భై తొమ్మిదేళ్లు. గుండె గుర్రంలా ఉందని డాక్టరంటాడు. ఆయనేమో వంటింట్లో కుర్చీ దిగడు. రేడియో కూడా పెట్టుకోడు. పొద్దుణ్ణించీ ఫ్రిజ్ చప్పుడు వింటూ కూర్చుంటాడు."

"సైకిలు తొక్కేవాడా?"

"ఉద్యోగమంతా సైకిలు మీదే కదా. సరిహద్దు కాపలా."

తర్వాతి ఆదివారం ఆగ్నెత నన్ను వెంటబెట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లింది. సరిహద్దుకి అవతల, అవెన్‌టోఫ్ట్ దగ్గర ఎర్ర ఇటుకల ఇల్లు. ఆయన పేరు మొమ్మె ఇంగ్వెర్సెన్. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మెడ దాకా గుండీలు. కప్పులో కలకండ ముక్క వేసి ఫ్రావ్‌కె టీ పోసింది. వేడికి ఆ కలకండ పగిలే చప్పుడు వినిపించాక ఆయన మాట్లాడాడు.

"మా అమ్మాయి చెప్పింది. నన్ను ఆలుగడ్డల సంచిలా వెనకేసుకుని ఊరేగిస్తారట."

"సంచి తొక్కదు కదా. మీరు తొక్కాలి" అంది ఆగ్నెత.

"కనపడని చోట్లకి నేనెందుకు తొక్కాలి, అమ్మా?"

"అది నాకూ తెలీదు. తెలుసుకుని వచ్చి చెప్తాను."

"తెలుసుకోడానికేముంది? వీధిలోకి వెళ్లకూడదని డాక్టరు కాగితం ఇచ్చాడు. నియమం నియమమే."

ఆ మాటకి ఆగ్నెత చేతిలో కప్పు గాల్లోనే ఆగింది. టీ తాగేసి, మొయిన్ చెప్పి లేచింది. వాకిట్లోకి వచ్చాక గోడకి చేరవేసిన సైకిలు పట్టుకుని నిలబడిపోయింది.

"వాడే" అంది.

"ఎవడు?"

అప్పుడు చెప్పింది. నలభై ఎనిమిదేళ్ల కిందట, ఆమెకి ఇరవై రెండు. పిన్ని పుట్టినరోజుకి సైకిలు మీద దక్షిణం వైపు వెళ్లి, కబుర్లలో పడి ఆలస్యంగా బయల్దేరింది. పొలాల మధ్య చిన్న వంతెన మీద సరిహద్దు గేటు ఉండేది. సాయంత్రం ఎనిమిదింటికి మూసేవారు. ఆమె ఎనిమిదీ పదికి చేరింది, జోరున వాన. గేటుకి ఇవతల ఒక కుర్రకాపలావాడు గొడుగుబట్ట కప్పుకుని నిలబడి ఉన్నాడు. అవతల వంద గజాల్లో మన రోడ్డు కనపడుతోంది. బతిమాలింది. వాడు ఆమె వైపు కూడా చూడకుండా, "నియమం నియమమే" అన్నాడు. పెద్దరోడ్డు చుట్టూ తిరిగి ఇరవై రెండు కిలోమీటర్లు తొక్కింది. మర్నాడు ఒళ్లు కాలిపోతుంటే ఉత్తరాలు పంచింది.

"గొంతు మారలేదు" అంది.

అప్పుడు నాకు తట్టింది. ఆమె అట్టముక్కలు అప్పటికి నలభై పైనే. పొలాల మధ్య ఆ చిన్న వంతెన వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు.

"అయితే ఈ పని ఒదిలెయ్. వేరే ఎవరైనా చూస్తారు" అన్నాను.

"బల్ల కింద ఆయన కాళ్లు చూశావా?"

"లేదు."

"కూర్చున్నంతసేపూ ఆడిస్తూనే ఉన్నాడు. మడమ ఎత్తడం, దించడం. ఆ మనిషి మీద కోపం నా దగ్గర ఉండనీ. ఆ కాళ్లేం చేశాయి?"

టొన్నర్ దగ్గర ఒక రైతు కొట్టంలో ఇద్దరు తొక్కే పాత సైకిలు మూలన పడి ఉందని ఆమెకి తెలుసు. ఏ ఇంట్లో ఏం మూలపడి ఉందో ఆమెకి తెలియనిది లేదు. దాన్ని తెచ్చి, నా పాత పిండిగదిలో చెయిను మార్చి, టైర్లు వేసి, వెనక సీటు పైకి లేపాం. ఆ తర్వాత ఆమె చేసిన పని చూస్తే ఊళ్లోవాళ్లు నవ్వుకున్నారు. తన ఉన్ని కండువాని కళ్లకి గట్టిగా కట్టుకుని, వెనక సీటు మీద కూర్చుంది.

"నువ్వు ముందెక్కు, ఆస్మూస్. కరకట్ట దాకా పద. నేను చెప్పేదాకా కట్టు విప్పొద్దు."

"నాకు అరవై ఎనిమిదేళ్లు. నిన్ను కాలవలో పడేస్తానేమో."

"పడేస్తే అదీ రాసుకుంటాను. ఏదైతేనేం, నీ మొహం చూడకుండా రెండు గంటలు హాయిగా ఉంటుంది."

మూడు వారాల్లో తొమ్మిది సార్లు అలా తిరిగాం. నలభై ఏళ్లుగా తిరిగిన దారే ఆమెకి కొత్తగా ఉంది. సిమెంటు పలకల మీద చక్రాలు టకటకమంటాయి, కంకర మీద గరగరలాడతాయి, చెక్క వంతెన మీద డమడమా మోగుతాయి. పంపుహౌసు ఉన్న చోట నేలలోంచి సన్నని హోరు వస్తుంది. గొర్రెల మంద ఊలు వాసన మనిషి కంటే ముందే ఎదురొస్తుంది. సముద్రం వెనక్కి పోతే ఒండ్రు వాసన, ముందుకొస్తే ఉప్పు వాసన. ఇవన్నీ ఆమె చెప్తుంటే నేను ఆగి అట్ట మీద రాసేవాణ్ణి. మంచి చప్పుడున్న దారిని కాస్త చుట్టైనా సరే ఎంచుకుంది. కొత్త తారు రోడ్డుని దారిలోంచి తీసేసింది. "ఇది ఉత్త గోడ. ఏమీ చెప్పదు" అంది.

ఒకరోజు కరకట్ట మీంచి దిగువకి దిగేటప్పుడు వెనకనించి కేక వినిపించింది. నేను బ్రేకు పట్టాను. ఆగ్నెత నా చొక్కాని వీపు మీద గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉంది. ఆ మనిషి భయపడగా చూడటం నాకదే మొదలు.

"దిగుతున్నాం అని నువ్వు చెప్పలేదు. నేల మాయమైపోయింది" అంది.

దిగడానికి ముందు, ఎక్కడానికి ముందు, మలుపుకి ముందు, గుంటకి ముందు, ఆగడానికి ముందు ఒక్కో మాట చెప్పాలని ఆ రోజే తేల్చుకుంది. మాట చిన్నదిగా ఉండాలి, గాలిలో వినపడాలి. ముందు సీటు మీద తనే కూర్చుంటానంది. డెబ్భై ఏళ్ల మనిషి, తొంభై రెండు కిలోల నన్ను వెనక కూర్చోబెట్టుకుని పది రోజులు సాధన చేసింది.

మే నెల రెండో బుధవారం మొమ్మె వాకిట్లో తొమ్మిదింటికి ఏడుగురం చేరాం. ఆయన వస్తాడని ఫ్రావ్‌కెకి నమ్మకం లేదు. ఆయన అప్పటికే గడప మీద నిలబడి ఉన్నాడు. ప్యాంటు కాళ్లకి క్లిప్పులు పెట్టుకున్నాడు.

"కనపడని చోట్లకి ఎందుకు తొక్కాలో తెలుసుకున్నారా?" అని అడిగాడు.

"కొంత తెలిసింది. ఎక్కండి, ఇంగ్వెర్సెన్ గారూ."

మొదటి మూడు కిలోమీటర్లూ ఆయన కొయ్యలా కూర్చుని, పెడళ్లని పగబట్టినట్టు తొక్కాడు. ఆగ్నెత "గుంట" అంటోంది, "కుడికి" అంటోంది. ఆయన పలకడంలేదు. ఎదురుగాలి కావడంతో హన్సీనె ముందు నెమ్మదిగా పోతోంది. కరకట్ట కింద సిమెంటు పలకల మీదికి ఎక్కగానే చక్రాలు టకటకమన్నాయి. ఆయన తల ఎత్తాడు.

"ఇది మేం కాపలా తిరిగిన దారి."

"అవును."

"ఇంకో రెండొందల గజాల్లో పలక విరిగి ఉంటుంది. ఎడమ పక్క."

విరిగే ఉంది. ఆగ్నెత దాన్ని చూసి "గుంట" అనేలోపే ఆయన సీటు మీంచి లేచాడు. ఆ తర్వాత ఆయన నోరు ఆగలేదు. ఒండ్రు వాసన పట్టి, నీళ్లు వెనక్కి పోయి గంటయి ఉంటుందన్నాడు. గొర్రెల్లో పిల్లలు ఎన్ని ఉన్నాయో అరుపుల్ని బట్టి అంచనా కట్టాడు. కరకట్ట దిగేటప్పుడు ఆగ్నెత "దిగుతున్నాం" అంటే, "దిగండి" అన్నాడు. గాలి చెవుల్లో దూసుకుపోతుంటే గట్టిగా ఏదో పాట అందుకున్నాడు. ఫ్రావ్‌కె నా పక్కకి వచ్చి, "నాన్న పాడటం మా అమ్మ పోయాక వినలేదు" అంది. నేను ముందుకు చూస్తూ తొక్కాను. ఆమె మొహం తుడుచుకోడానికి కాస్త వ్యవధి కావాలి కదా.

మధ్యాహ్నం హోయర్ తూము దగ్గర భోజనం. ఆ రోజు అందరి భోజనమూ ఆగ్నెతే తెచ్చింది. చేత్తో పట్టుకు తినే మాంసపు ఉండలు, కోసిన నల్లరొట్టె, ఒలిచిన గుడ్లు, నేను కాల్చిన కిస్‌మిస్ బన్నులు. ఫోర్కు అక్కర్లేనివే అన్నీ. రెండేళ్లుగా ఆ పెద్దమనిషి మనుషుల ముందు ఎందుకు తినడంలేదో ఎవరూ చెప్పకుండానే ఆమెకి అర్థమైంది. ఆయన నాలుగు ఉండలు తిని, ఐదోది ఉందా అని అడిగాడు.

తిరుగు దారిలో వచ్చింది చిక్కు. వీపు మీద గాలితో తూర్పుకి హాయిగా వచ్చి, సరిహద్దు కాలువ దగ్గర దక్షిణానికి తిరిగాం. కాలువ మీద ఉండాల్సిన చెక్క వంతెన లేదు. రెండు ఒడ్లలోనూ కొయ్య దుంగలు, మధ్యలో నీళ్లు. మరమ్మతు అని బోర్డు పెట్టారు.

"ఆదివారం చూశాను. ఉంది" అంది ఆగ్నెత.

తిరిగి పడమటికి వెళ్లి చుట్టి రావాలంటే పద్నాలుగు కిలోమీటర్లు. గాలి పొద్దుటికంటే రెట్టింపైంది. హన్సీనె సైకిలు దిగి గడ్డి మీద కూర్చుంది. తొడలు నొక్కుకుంటోంది. ఆగ్నెత అట్టముక్క తిప్పి చూసింది, మళ్లీ తిప్పింది. తొమ్మిదేళ్ల బుధవారాల్లో ఆమె ఏం చెయ్యాలో తోచక నిలబడటం నేను చూడలేదు.

"ఎందుకాగాం?" అన్నాడు మొమ్మె.

"వంతెన తీసేశారు."

"పక్కన పంపుహౌసు ఉందా? హోరు వినపడుతోంది."

"ఉంది."

"ఇటుకలదా, సిమెంటుదా?"

"ఇటుకలది."

"దాని వెనక పొడుగు చెట్ల వరస ఉండాలి. మీ వైపు కాపలావాడూ నేనూ అక్కడ సిగరెట్లు కాల్చేవాళ్లం. ఆ చెట్ల వెంబడి కాలువ ఒడ్డునే నడక దారి ఉంది. కిలోమీటరున్నర పోతే రైతుల వంతెన. రాతిది. దాన్ని ఎవరూ తియ్యలేరు."

"ఆ వంతెన నాకు తెలుసు" అంది ఆగ్నెత. గొంతులో తేడా నాకు తెలిసింది, ఆయనకీ తెలిసే ఉండాలి. తల పక్కకి వంచాడు.

"తెలిస్తే మీ దారిలో ఎందుకు లేదు?"

ఆమె అట్టముక్క జేబులో పెట్టుకుంది. హన్సీనె వైపు చూసింది. తర్వాత, "మీరే చెప్పండి. పోదాం" అంది.

చెట్లు మూడే మిగిలాయి. సైకిళ్లు నడిపించుకుంటూ బయల్దేరాం. చూపున్న ఏడుగురం వెనక, చూపు లేని మనిషి ముందు. ఆగ్నెత భుజం మీద చెయ్యి వేసి నడుస్తూ, "ఇక్కడ పుదీనా వాసన రావాలి, వచ్చిందా? అయితే ఎడమకి ఒరగండి, ఒడ్డు మెత్తగా ఉంటుంది" అంటూ తీసుకుపోయాడు. ఒకచోట ముళ్లకంప అడ్డొస్తే, "ఇది నా కాలంలో లేదు" అని విసుక్కున్నాడు. రాతి వంతెన కనపడింది. దానికి ముందు నడుమెత్తు దాటిన ఇనుప కంచె, మనుషులు దాటడానికి చెక్క మెట్లు. ఆయన కంచె తడిమాడు.

"ఇదేంటి?"

"అడవిపందులు రాకుండా కట్టారు" అన్నాను.

"పందుల పాస్‌పోర్టు చూస్తున్నారా ఇప్పుడు? మాకంటే గట్టివాళ్లే."

సైకిళ్లు ఒక్కొక్కటీ ఎత్తి దాటించాం. పెద్ద సైకిలుకి నలుగురం పట్టాల్సొచ్చింది. అది దాటేసరికి ఆయన వంతెన మధ్యలో నిలబడి, పక్కనున్న రాతి స్తంభం మీద గేటు గొలుసు ఒరిసిన గాడిని వేలితో వెతుక్కుంటున్నాడు.

ఆగ్నెత అక్కడికి వెళ్లి నిలబడింది.

"ఇంగ్వెర్సెన్ గారూ, ఒక పిల్లని మీరు ఈ గేటు దగ్గర వెనక్కి పంపించారు. సెప్టెంబరు. ఎనిమిదీ పది. వాన."

ఆయన వేలు గాడిలో ఆగింది. వేలు తియ్యకుండానే అన్నాడు, "పచ్చ రెయిన్‌కోటు. సైకిలు లైటు వెలగడంలేదు."

"నేనే."

"మీకు ఇరవై రెండు కిలోమీటర్లు."

"లెక్క పెట్టారా?"

"మర్నాడు సెలవు దొరికితే సైకిలు మీద తిరిగి చూశాను, ఎంతవుతుందో." స్తంభం మీద తట్టి అన్నాడు. "ఈ గేటుకి రెండు తాళాలు, అమ్మా. ఒకటి మాది, ఒకటి మీ వైపు వాళ్లది. ఎనిమిది కొట్టగానే మీ వైపు మనిషి తన తాళం వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు. నా చేతిలో ఏమీ లేదు."

"ఆ ముక్క చెప్పొచ్చుగా నాతో."

"నాకు ముప్పై ఒక్కేళ్లు. కొత్త యూనిఫారం. ఎదురుగా తడిసిపోయిన ఆడపిల్ల. నా దగ్గర తాళంచెవి లేదని ఎలా చెప్పను? నియమం అంటే కాస్త గౌరవంగా ఉంటుందనిపించింది."

ఆగ్నెత వంతెన గోడ మీద కూర్చుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. నవ్వి నవ్వి కండువాతో కళ్లు తుడుచుకుంది.

"నలభై ఎనిమిదేళ్లు" అంది. "ఒక తాళంచెవి కోసం."

"క్షమించమని అడగాలా?"

"అడగండి. అడిగాక కూర్చోండి, ఫ్లాస్కులో ఒక కప్పు కాఫీ మిగిలింది."

ఆయన టోపీ తీసి, నిలువుగా నిలబడి అడిగాడు. ఆమె కాఫీ పోసి, కప్పు ఆయన రెండు చేతుల మధ్య పెట్టింది. హన్సీనెకి కాళ్ల నొప్పి తగ్గేదాకా అందరం అక్కడే కూర్చున్నాం. నాలుగున్నరకి ఆయన వాకిట్లో ఉన్నాం. దిగుతూ ఆయన, "నా పేరు మొమ్మె" అన్నాడు. "ఆగ్నెత" అంది ఆమె, అప్పుడే పరిచయమైనట్టు.

ఆ వేసవంతా ఆయన బుధవారాలకి వచ్చాడు. వానొస్తే వంటింట్లో కూర్చుని, పాత కాపలా దారులన్నీ ఒక్కోటి చెప్తుంటే ఆమె గీసుకుంది. ఎవరికీ తెలియని కాలిబాటలు పదకొండు దొరికాయి వాళ్లకి. కొన్ని ముళ్లలో కలిసిపోయాయి. కొన్ని రైతుల్ని బతిమాలి తెరిపించింది.

తర్వాత ఒకరి నోట ఒకరు విని చూపు సరిగా లేనివాళ్లు వేర్వేరు ఊళ్లనుంచి రావడం మొదలైంది. ఇప్పుడు నా పిండిగదిలో ఇద్దరు తొక్కే సైకిళ్లు ఐదున్నాయి. ముందు సీటు మీద కూర్చుంటాననే ప్రతివాళ్లకీ ఆగ్నెత మొదట కళ్లకి గంతలు కట్టి వెనక కూర్చోబెడుతుంది. మూడు గంటలు అలా తిరిగితేగాని ముందు సీటు ఇవ్వదు. పురపాలకసంఘం పెద్దాయన ఒకాయన వచ్చి సన్మానం చేస్తామంటే, ఆయనకీ అదే షరతు పెట్టింది. ఆయన తిరిగాడు కూడా. దిగాక కాసేపు గోడ పట్టుకుని నిలబడి, సన్మానం సంగతి ఒదిలేసి, కరకట్ట దిగే చోట గరుకు పలకలు వేయించాడు. కాలికి తగలగానే పల్లం వస్తోందని తెలిసేలా.

పోయిన నెల హూసుం నుంచి రెనాటె అనే ఆవిడ వచ్చింది. నలభై ఆరేళ్లు, పుట్టినప్పట్నించీ చూపు లేదు, సైకిలు ఎన్నడూ ఎక్కలేదు. పాల కేంద్రంలో పని. ఆగ్నెతకి డెబ్భై మూడు దాటాయి, అయినా ఆవిడని తనే తీసుకెళ్లింది. సాయంత్రం దిగాక రెనాటె హ్యాండిల్ వదలకుండా అడిగింది, "ఎంత దూరం పోయాం?"

"ముప్పై ఒక్క కిలోమీటర్లు."

"అంతేనా?"

ఆవిణ్ణి రైలెక్కించి వచ్చి, ఆగ్నెత నా పిండిబల్ల మీద అట్టముక్క పరిచింది.

"ఆవిడకి చాలలేదు, ఆస్మూస్. తూము దగ్గర్నుంచి ఉత్తరానికి ఇంకో ఆరు పోవచ్చు. ఆ గేట్లు ఎటు తెరుచుకుంటాయో మర్చిపోయాను."

మర్నాడు పొద్దున్న చూసి వద్దామంది. కళ్లకి గంతలు ఈసారి నాకు కట్టింది.